నేనిచ్చిన మాత్రలు

నేను డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా అందరూ నన్ను డాక్టరుగారనే పిలిచారు. పశువుల ఆస్పత్రిలో సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. గేదెకు పొదుగు వాచినా, దూడకు విరేచనాలు పట్టుకున్నా నాకే కబురొచ్చేది. సూది వేసి చేతులు కడుక్కుంటుంటే ఆ ఇంటాయన పక్కన నిలబడి, "బాబూ, నాకూ రెండ్రోజుల్నించి జొరం" అనేవాడు. సంచిలోంచి నాలుగు మాత్రలు తీసి ఇచ్చేవాణ్ణి. తగ్గిపోయేది. దానంతటదే తగ్గిందో, మాత్రల వల్ల తగ్గిందో ఆయనా అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

రిటైరైన మరుసటి ఏడు, జూన్‌లో, నాకు సాయంత్రంపూట జ్వరం రావడం మొదలైంది. పొద్దున్నకి ఉండేది కాదు. మెడకి ఎడమపక్క చింతగింజంత బిళ్ళ కట్టింది. పన్నువాపు వల్ల అనుకున్నాను. నాకు తెలిసిన యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఈసారి అంతకన్నా గట్టిది, ఐదు రోజులు. జూలైలో నా చేత్తో నేనే తొడకి సూదులు పొడుచుకున్నాను. మందుల షాపులో నన్ను చీటీ అడిగేవాళ్ళెవరూ లేరు. ఫలానా పేరు చెబితే చాలు, కాగితంలో చుట్టి ఇచ్చేవారు.

నా భార్య వరలక్ష్మి రోజూ పోరుతూనే ఉండేది.

"గెదకి ఏసినట్టు ఏసుకుంతన్నారు. ఎవుర్నో ఒకర్ని అడగండి."

"నాకు తెలీదా?" అనేవాణ్ణి.

మాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో నాకు ఎదురు చెప్పేది ఆవిడొక్కర్తే, ఆవిడ మాట నేను వినేవాణ్ణి కాదు.

ఆగస్టుకి చొక్కాలు వదులైపోయాయి. నిద్రలో చెమటకి దుప్పటి తడిసేది. చింతగింజ నిమ్మకాయంతయింది, చంకలో ఇంకొకటి వచ్చింది. అప్పుడు ఊళ్ళో పెద్దాస్పత్రికి వెళ్ళాను. అక్కడ చిన్నవయసు డాక్టరమ్మ మెడమీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. "ఇన్నాళ్ళూ ఏమైనా మందులు వాడారా?" అని అడిగింది. "ఏవో జ్వరం మాత్రలండీ" అన్నాను. ఆవిడ ముందు నిజం చెప్పడానికి నాకు సిగ్గేసింది. విశాఖపట్నం వెళ్ళమని చీటీ రాసిచ్చింది.

విశాఖలో బిళ్ళలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. రిజల్టు వచ్చేదాకా మూడుసార్లు తిప్పారు. ఆ క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. అందరి చూపూ ఆ గది తలుపు మీదే. బయటికొచ్చినవాళ్ళ నడక చూసి లోపల ఏం చెప్పుంటారో ఊహించుకునేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడు డాక్టరుగారు లింఫోమా అన్నారు, ఒంట్లో బిళ్ళలకొచ్చే క్యాన్సర్. ఆవిడ నలభై దాటిన మనిషి, తొందర లేకుండా మాట్లాడుతుంది. "ఇది మందుకి లొంగే రకమేనండీ. ఆరు కీమోలు. మూడు వారాలకొకటి. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. జ్వరం వస్తే ఇంట్లో కూర్చోవద్దు. గంట కూడా ఆగొద్దు. విశాఖ దూరమైతే దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికి వెళ్ళి ఈ కార్డు చూపించండి."

కార్డు జేబులో పెట్టుకున్నాను. ఇరవై మందికి చెప్పే మాట నాకూ చెప్పిందనుకున్నాను.

ఆ వరండాలోనే చిన్నారావు కనబడ్డాడు. మాకవరపాలెం దగ్గర పల్లెలో చెరుకు రైతు. నలభై రెండేళ్ళుంటాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"డాక్టరుబాబూ, మీరేటి ఇక్కడ?"

కొన్నేళ్ళ కిందట వాళ్ళ గేదెకు పొదుగు చెడిపోతే వరసగా వారం రోజులు వెళ్ళి సూదులు వేశాను. అది బతికింది. ఆ సంగతి వాడు మర్చిపోలేదు. వాడికీ నా జబ్బే. కీమోలు కూడా మా ఇద్దరికీ ఒకే రోజు పడ్డాయి.

అక్టోబరంతా కలిసే బస్సులో వెళ్ళాం. వాడు, వాడి భార్య నూకరత్నం, నేను, వరలక్ష్మి. నూకరత్నం నాలుగు గిన్నెల క్యారేజీలో నలుగురికీ పెరుగన్నం తెచ్చేది. కీమో ఎక్కుతున్నంతసేపూ చిన్నారావు పక్క కుర్చీలోంచి కబుర్లు చెప్పేవాడు. జుట్టు రాలడం మొదలైనప్పుడు తల తడుముకుని, "తిరపతి ఎల్లకుండానే మొక్కు తీరిపోనాది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మూడు రోజులు నోట్లో నీళ్ళు కూడా ఇనుములా తగిలేవి. మెట్లు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. అయితే రెండో కీమో తర్వాత బిళ్ళలు సగానికి తగ్గాయి. సాయంత్రం జ్వరం పూర్తిగా పోయింది.

అక్కడితో ఆగి, చెప్పినట్టు వింటే ఈ కథ చెప్పాల్సినంత ఉండేది కాదు.

నవంబరులో మా బావమరిది సత్యం వచ్చాడు. వరలక్ష్మి తమ్ముడు. మాకు కొడుకులాంటివాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఏడ్చేశాడు.

"బావా, ఈ కీమోలు మనిషిని తినేస్తాయి. కొయ్యూరు కొండల్లో ఒక ముసలాయన ఆకుమందిస్తాడంట. ఓసారి ఎల్దాం."

వెళ్ళాం. బండి దిగి గంటసేపు నడవలేక నడిచాను. ఆ ముసలాయన ఇంటి ముందు రాగులు ఎండబెట్టి ఉన్నాయి. నన్ను కూర్చోబెట్టి మెడ తడిమాడు, చంక తడిమాడు, కళ్ళు కిందికి లాగి చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చాడు.

"నాను పచ్చకామెర్లకిస్తాను, పుండ్లకిస్తాను. దీనికి నా దగ్గిర లేదు. మా ఊరి మనిషికి ఇలగే గెడ్డలొస్తే నానే విశాపట్నం పంపీసినాను. మీరూ అక్కడికే ఎల్లండి."

ఏమీ పుచ్చుకోలేదు. తాగడానికి అంబలి ఇచ్చాడు. అంత నిజాయితీగా చెప్పిన మనిషి మాట కూడా మాకు చెవికెక్కలేదు. తిరిగొస్తూ సత్యం, "ఈయనకి తెలీదు బావా, ఇంకో చోటుంది" అన్నాడు.

ఆ ఇంకో చోటు హైవే పక్కన ఒక మేడ. బయట పెద్ద బోర్డు, లోపల ఏసీ గది, తెల్లకోటు వేసుకున్న మనిషి. గోడనిండా బాగుపడ్డవాళ్ళవని ఫొటోలు. అతను నా రిపోర్టులు చూడనుకూడా లేదు. "కీమో ఆపితేనే మా మందు పనిచేస్తుంది" అన్నాడు. వేర్లతో, మూలికలతో చేసిన పొడి అని పొట్లాలు ఇచ్చాడు. పొద్దున, సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో.

నిజం చెప్పాలి. ఆ పొడి అద్భుతంగా పనిచేసింది. నాలుగో రోజుకి ఆకలి పుట్టింది. వారానికి మెడమీద బిళ్ళ చేతికి తగలలేదు. వరలక్ష్మి దేవుడి ముందు దీపం పెట్టింది. సత్యం నా చేతులు పట్టుకుని ఊపేశాడు. మూడో కీమోకి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను.

ఆ పొద్దున్న చిన్నారావు, నూకరత్నం ఎప్పట్లాగే నన్ను బస్సుకి తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చారు. నేను రానని చెప్పాను. చిన్నారావు మొహం వెలిగిపోయింది.

"అయితే నాకూ ఆ పొడి ఇప్పించండి బాబూ. మీరు రాపోతే నానొక్కణ్ణీ ఆ కుర్చీల్లో ఏటి కూకుంతాను?"

నేను ఏదో అనబోయాను. నూకరత్నం అడ్డొచ్చింది.

"పొడీ గిడీ తరవాత. ముందు బస్సెక్కు. విశాపట్నమోలు ఆరన్నారు, ఆరూ అయినాక అప్పుడు నీ ఇష్టం."

వాడు నీరసంగా లేచాడు. వాడి నిరుత్సాహం చూసి నాకు జాలేసింది. అలమరలో ఉన్న యాంటీబయాటిక్ మాత్రల అట్టలు రెండు తీసి వాడి చేతిలో పెట్టాను.

"జొరం గాని వస్తే ఇది పొద్దున్నొకటి, సాయంత్రం ఒకటి వేసుకో. దానికోసం విశాఖ పరిగెత్తక్కర్లేదు. నేనూ ఇదే వాడతాను."

"ఆళ్ళు ఎంటనే రమ్మన్నారు కదండీ" అంది నూకరత్నం.

"వాళ్ళు అలాగే అంటారమ్మా. నాకు తెలుసు కదా" అన్నాను.

ఆవిడ నామీద గౌరవంతో ఊరుకుంది.

నెల తిరక్కుండా బిళ్ళలు మళ్ళీ వచ్చాయి, ఈసారి రెండుపక్కలా. మొహం గుండ్రంగా ఉబ్బింది. డిసెంబరులో సిగ్గుపడుతూ విశాఖ వెళ్ళాను. ఒంట్లో బాగోక రాలేదని డాక్టరుగారికి అబద్ధం చెప్పాను. పొడి సంగతి చెప్పలేదు. అది కొంచెమైనా మేలు చేస్తుందేమోనని ఇంట్లో తాగుతూనే ఉన్నాను. నాకు మూడో కీమో, చిన్నారావుకి నాలుగోది. బస్సులో వాడు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "బాబూ, మొన్న పడిశం పట్టి జొరం కాసింది. మీ మాత్రలు ఏసుకున్నాను. రెండ్రోజుల్లో ఎగిరిపోనాది" అన్నాడు. నూకరత్నం వినకూడదని వాడి జాగ్రత్త.

"చెప్పానా?" అన్నాను. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు తల్చుకుంటే అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ గర్వమే.

ఆ కీమో అయిన పదో రోజు మధ్యాహ్నం నాకు వణుకు మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. వరలక్ష్మి కార్డు తీసి, "బేగి ఎల్దాం, ఆటో పిలుస్తాను" అంది. నేను వద్దన్నాను. అలమరలో మాత్రలున్నాయి. వేసుకున్నాను. మర్నాడు ఒకటి, దానికి తోడు ఒక సూది. జ్వరం కాస్త దిగింది కానీ నేను మనిషిని కాలేదు. రెండో రోజు సాయంత్రానికి మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుందో కూడా తెలియలేదు. ఆ తర్వాతవి వరలక్ష్మి చెబితే తెలిసినవి. సత్యం నన్ను రెండు చేతులతో ఎత్తి కారులో పడుకోబెట్టాడట. దారిపొడుగునా వరలక్ష్మి వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదట.

ఐసీయూలో పదకొండు రోజులున్నాను. నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలు. గొంతులో గొట్టం. ఎప్పుడూ ఆగని మిషను చప్పుడు. నన్ను పక్కకి తిప్పే ఒక ఆయా. నేను వింటున్నానో లేదో తెలియకపోయినా, "తాతా, ఇటు తిప్పుతన్నాను, కోప్పడకు" అని చెప్పి మరీ తిప్పేది. ఆ గొంతు కోసం ఎదురుచూసేవాణ్ణి. నా భయం చచ్చిపోతానని కాదు. నన్నెవరూ పేరుపెట్టి పిలవకుండానే చచ్చిపోతానేమోనని.

గొట్టం తీశాక డాక్టరుగారు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. చేతిలో రక్తపరీక్ష కాగితం. నా రక్తంలో పెరిగిన క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష. మందుల పేర్లు వరసగా ఉన్నాయి. ఒక్కో పేరు మీద వేలు పెట్టి, "ఇది పనిచేయదు. ఇదీ చేయదు. ఇదీ చేయదు" అంటూ కిందికొచ్చారు. ఆ పేర్లన్నీ నాకు చుట్టాల్లాంటివి. సగం నా తొడలోకి వెళ్ళినవి, కొన్ని గేదెల మెడల్లోకి వెళ్ళినవి. చివర్న రెండు పేర్లు మిగిలాయి.

"ఇందులో ఒకటి ఇచ్చాం. కిడ్నీల మీద పడుతుందని తెలిసే ఇచ్చాం. వేరే దారి లేదు. సూర్యనారాయణగారూ, మీరు ఇవి ఎన్నాళ్ళనుంచి వాడుతున్నారు?"

అప్పుడు చెప్పాను. జూన్ నుంచి మొదలుపెట్టి అంతా. పొడి సంగతి కూడా. ఆవిడ తిట్టలేదు. తిడితే బావుండేది.

"ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. గడ్డ కరిగినట్టు చేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, జ్వరాన్ని దాచేస్తుంది. కీమో తర్వాత ఒంటికి మిగిలిన కాస్త కాపలా కూడా తీసేస్తుంది. క్రిమి ఇలా మొండిదవడానికి మీరు వాడినవే కారణమని నేను కచ్చితంగా చెప్పలేను. ఇలాంటివి ఆస్పత్రుల్లోనూ ఉంటాయి, బయటా ఉంటాయి. కానీ అన్ని మందులు అలా వాడుకుంటూ పోతే మిగిలేది ఇదే. మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందండీ?"

గది బయట వరండాలో సత్యం ఆ పదకొండు రోజులూ నేలమీదే కూర్చున్నాడని తర్వాత తెలిసింది. నన్ను వార్డుకి మార్చిన రోజు లోపలికొచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. "బావా, నానే నిన్ను సంపీబోయేను" అన్నాడు. వాడు ప్రేమతో చేశాడు. నేనూ చిన్నారావుకి మాత్రలు ప్రేమతోనే ఇచ్చాను. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

"చిన్నారావు ఎలా ఉన్నాడు?" అని వరలక్ష్మిని అడిగాను.

"బాగానే ఉన్నాడు. మీరు పడుకోండి" అంది.

జనవరిలో ఇంటికొచ్చాం. వారం తర్వాత నా ఫోను చార్జింగు పెట్టి తెరిచాను. నేను ఐసీయూలో చేరిన మొదటి రెండు రోజుల్లో చిన్నారావు నంబరు నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వరలక్ష్మి వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను అడగక ముందే కూలబడిపోయింది.

"మీరు తట్టుకోలేరని సెప్పలేదు. మీకొచ్చిన వారంలోనే అతనికీ జొరమొచ్చిందంట. మీ మాత్రలే ఏసుకున్నాడంట. మూడు రోజులు. అప్పుడు తీసుకెల్లేరంట, అనకాపల్లి దాటకుండానే దారిలో పోయేడంట."

తొమ్మిదిసార్లు నూకరత్నం ఫోన్ చేసింది. జ్వరం తగ్గలేదు, ఇంకో మాత్ర వెయ్యమంటారా అని అడగడానికట.

తర్వాతి నెలలు నేను ఎలా గడిపానో చెప్పను. కీమో మళ్ళీ మొదలుపెట్టారు, కిడ్నీల కోసం మోతాదు తగ్గించి. ఒకసారి జ్వరం వచ్చింది. ముప్పావుగంటలో ఊళ్ళో పెద్దాస్పత్రిలో ఉన్నాను, కార్డు చూపించాను, మందు ఎక్కించి విశాఖ పంపారు. ఐదు రోజుల్లో ఇంటికొచ్చాను. చేయాల్సింది అంతే. అంత చిన్న పని. ఏప్రిల్‌లో తీసిన స్కానులో గడ్డలు లేవు. కిడ్నీలు మాత్రం మునుపటిలా లేవు. నెలనెలా పరీక్ష చేయించుకుంటున్నాను.

స్కాను వచ్చిన మర్నాడు మాకవరపాలెం వైపు ఆటో ఎక్కాను. వరలక్ష్మి వస్తానంది, వద్దన్నాను.

నూకరత్నం పెరట్లో పేడ కళ్ళాపి చల్లుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని నులకమంచం వాల్చింది. కూర్చోలేదు నేను.

"అమ్మా, ఆ మాత్రలు నేను ఇవ్వకుండా ఉండాల్సింది. అంత జ్వరానికి అవి పనిచేయవు. నువ్వు ఆస్పత్రికి వెళ్ళాలంటే నేనే వద్దన్నాను. నువ్వన్నది సరైంది. తప్పు నాది."



"ఈ నాలుగు నెల్లూ అందరూ నన్నే అంతన్నారు. పెళ్ళానివి, మూడ్రోజులు ఎలగ ఊరుకున్నావని. మా అత్త కూడా." పైట చెంగుతో చేతులు గట్టిగా తుడుచుకుంది. "నాకొక్కర్తికీ సెప్తే ఏటి లాభం బాబూ? ఉండండి."

వెళ్ళి పక్కిళ్ళవాళ్ళని పిలుచుకొచ్చింది. మరుదుల్ని పిలిచింది. లోపల మంచం మీదున్న అత్తని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. పదిమందిదాకా పోగయ్యారు. వాళ్ళలో సగంమంది నా చేతి మాత్రలు వేసుకున్నవాళ్ళే.

"ఇప్పుడు సెప్పండి" అంది.

చెప్పాను. జరిగింది జరిగినట్టు, ఏదీ తగ్గించకుండా.  నేను ఆపాక చిన్నారావు తల్లి తలెత్తింది.

"ఆ పొద్దే ఆస్పత్రికి ఎల్లుంటే నా కొడుకు బతికీవోడా?"

"బతికేవాడేమోనమ్మా."

"ఏమో అంటే నానేటి సేసుకుంతాను? అవునో కాదో సెప్పు."

నాకు నిజంగా తెలియదు. ఏ డాక్టరైనా అంత కచ్చితంగా చెప్పడు. కానీ కోడలు ఆవిడ పక్కనే నిలబడి ఉంది, నాలుగు నెలలుగా మోస్తున్నదాన్ని మోస్తూ.

"ఆస్పత్రికి వెళ్ళనివ్వనిది నేనమ్మా. నీ కోడలు కాదు" అన్నాను.

ముసలావిడ కోడలి భుజం పట్టుకుని మెల్లిగా లోపలికి నడిచింది.  చిన్నారావు తమ్ముడు ఒకసారి నా మీదికి వచ్చినట్టే వచ్చి, గుండుతో, కర్రలాంటి చేతులతో ఉన్న నన్ను చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళారు.

నేను రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. ఎండ మండిపోతోంది, ఆటోలు లేవు. కాసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. నూకరత్నం వచ్చి రెండు గజాల దూరంలో నిలబడింది.   అలా పావుగంట నిలబడ్డాం. ఆటో వస్తే ఆవిడే చెయ్యెత్తి ఆపింది. నేను ఎక్కాక డ్రైవరు వైపు వంగి, "నర్సీపట్నం. గుంతల్లో నెమ్మదిగా పోనీ, ఈయనకి ఒంట్లో బాగోలేదు" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.